పెరటి కట్టుబడి: ఎవరినడిగి కట్టుకున్నాం?



ఇల్లు కట్టాలంటే మనిషి పదిమందిని అడుగుతాడు. పంతులుగారిని అడిగి ముహూర్తం పెట్టిస్తాడు, మేస్త్రిని అడిగి లెక్క వేయిస్తాడు, మామగారిని అడిగి అప్పు తెస్తాడు. అదే పెరట్లో గొడ్లపాకో, బావో, పొయ్యో, మరుగుదొడ్డో అయితే, "ఆ, అదెంత పని!" అనేస్తాడు. ఆదివారం నాడు పార పట్టుకుని తనే మొదలుపెడతాడు. చరిత్ర రాసేవాళ్ళూ ఇంచుమించు అంతే. కోటల గురించి, గోపురాల గురించి బీరువాలు నిండేటన్ని పుస్తకాలు వచ్చాయి. పెరట్లో పొయ్యి ఎవరు ఎలా వేశారు, వాళ్ళకి ఎవరు చెప్పారు అన్న విషయం మాత్రం ఏ మూలనో ఒక వాక్యంగా మిగిలింది. ఈ పూట ఆ మూలను కాస్త తడిమి చూద్దాం. బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలోనో సిరొంచలోనో యానాంలోనో ఉన్నా, ఇది మీ పెరటి సంగతే.

శాస్త్రాలు లేవా అంటే, ఉన్నాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భ జలం కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే నీరు ఎటువైపు పడుతుందో, ఎంత లోతున పడుతుందో చెప్పాడు. లోతుకి ఆయన వాడిన కొలత 'పురుష'. మనవాళ్ళు బావిలో నీళ్ళు రెండు నిలువుల లోతున ఉన్నాయంటారు చూడండి, అలాంటి కొలతే. అయితే ఆ సంస్కృత శ్లోకం పలుగు పట్టినవాడి చెవిదాకా ఎప్పుడు చేరింది, ఏ రూపంలో చేరింది అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు బెంగుళూరులో ఒకాయన ఎదురుపడ్డాడు. ఆయన పేరు రాం రాజ్. అక్కడ న్యాయాధికారిగా పనిచేస్తూ, మన వాస్తుశిల్పం మీద ఇంగ్లీషులో ఒక పెద్ద వ్యాసం రాశాడు. లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ దాన్ని 1834లో అచ్చువేసింది. పాపం, పుస్తకం వచ్చేనాటికి ఆయన లేడు. మానసారం వంటి శిల్పగ్రంథాల తాళపత్రాలు సంపాదించి పండితుల ముందు పెడితే, వాళ్ళకి సంస్కృతం వచ్చుగాని అందులోని పనిమాటలు అర్థం కాలేదు. పని తెలిసిన శిల్పులకేమో గ్రంథం తెలియదు. చివరికి తంజావూరు ప్రాంతపు శిల్పి ఒకరు పక్కన కూర్చుని, ఈ మాటంటే ఈ భాగం అని చూపిస్తే ముడి విడింది. చదివినవాడికి చెయ్యి లేదు, చెయ్యి ఉన్నవాడికి చదువు లేదు. సుమారు రెండువందల ఏళ్ళ కిందటి మాట ఇది. ఆ తరవాత మన పెరళ్ళలో జరిగిన కథంతా దీని చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

మరి గ్రంథం లేని చోట సలహా ఎక్కడ ఉండేది? పనిచేసే మనుషుల నోట్లో ఉండేది. మట్టిపనికి, బావుల తవ్వకానికి, రాతిపనికి దక్షిణాదిలో పేరుపడ్డవాళ్ళు వడ్డెరలు. కర్ణాటకలో వారిని వొడ్డరు, భోవి అన్నారు. తమిళనాడులో ఒట్టర్, బోయర్ అన్నారు. మహారాష్ట్రలో వడార్ అన్నారు. పేరు మారింది గాని చాలా కుటుంబాలలో ఇంటి భాష తెలుగే. ఆ భాషకు రాతపుస్తకం లేకపోయినా, ఏ నేల ఎంత ఏటవాలుగా తవ్వితే విరిగిపడదో, ఏ పొర కింద ఊట వస్తుందో అనే విద్య నాలుగు రాష్ట్రాల పొడుగునా ఆ తెలుగులోనే నడిచింది. సరిహద్దు దాటిన తెలుగు అనగానే మనకు కవులు, ఆస్థానాలు గుర్తుకొస్తాయి. బావిలోంచి పైకి వినిపించిన తెలుగు కూడా తెలుగే కదా!

బావి మాట వచ్చింది కాబట్టి ఒరల సంగతి చెబుతాను. ఇసుక నేలలో గొయ్యి తవ్వితే నిలవదు, గట్లు జారిపోతాయి. అందుకని కాల్చిన మట్టి ఒరను నేలమీద పెట్టి, లోపలి మట్టి తోడుతూ పోతే ఒర తన బరువుతో తనే దిగుతుంది. దానిమీద ఇంకొకటి పెడతారు, అదీ దిగుతుంది. గోడ పైనుంచి కిందికి కట్టుకుపోవడమన్నమాట! కరీంనగర్ ప్రాంతపు పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాటి ఒరల బావులు బయటపడ్డాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులోనూ కనిపించాయి. యానాంలోని శ్రోతలు ఇప్పటికీ పాత పెరళ్ళలో ఒరల నూతులు చూసే ఉంటారు. మట్టి పోయి సిమెంటు వచ్చింది గాని ఉపాయం అదే, రెండువేల ఏళ్ళ నాటిది.

బళ్ళారి, అనంతపురం వైపు మట్టి మిద్దెలది మరో తీరు. దూలాలు, దంతెలు పరిచి, పైన కట్టెలో బండలో వేసి, మట్టి కొట్టి, ఆ మీద చవుడు పోస్తారు. పంటకు పనికిరాని చవుడు కప్పుకు ఎందుకు పనికొస్తుంది? అందులోని సోడియం లవణాల వల్ల తడిసినప్పుడు మట్టి కణాలు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, నీరు కిందికి దిగదు. చేనుకి శత్రువైన గుణమే మిద్దెకి మిత్రుడైంది. దీన్ని ఎవరూ రసాయనశాస్త్రంగా నేర్చుకోలేదు. వానలకు ముందు ఏటేటా పక్కింటివాళ్ళు మిద్దె మీద చవుడు పోస్తుంటే చూసి మనమూ పోశాం. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వెళ్ళాయి. చవుడు మాత్రం రెండువైపులా ఒకే రోజుల్లో పోసుకున్నారు.

ఇక పాతర. జొన్నలు దాచే భూగర్భపు గొయ్యి. కన్నడంలో హగేవు అంటారు. పొడి నేలలో లోతుగా తవ్వి, గోడలకు గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన రాయీ మట్టీ కప్పేస్తారు. గింజ లోపల ఊపిరి పీల్చుకుంటూనే ఉంటుంది. దానివల్ల ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు గాలి నిండుతుంది. పురుగు బతకదు. మందూ మాకూ లేకుండా ధాన్యం నిలవడానికి ఇదే కారణం. అయితే పురుగు బతకని చోట మనిషి మాత్రం బతుకుతాడా? అందుకే పెద్దలు ఒక కట్టడి పెట్టారు. పాతర మూత తీసిన వెంటనే దిగకూడదు. గాలి ఆడనిచ్చి, దీపం తాడుకి కట్టి దింపి చూడాలి. దీపం ఆరిపోతే దిగకూడదు. పాడుబడ్డ బావికి కూడా ఇదే కట్టడి. ఈ దీపం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

స్వాతంత్ర్యం వచ్చాక సలహా చెప్పడం ప్రభుత్వం పని అయింది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం మొదలైంది. బ్లాకులు, బ్లాకు అధికారులు, గ్రామసేవకులు వచ్చారు. విత్తనం, ఎరువు, కోళ్ళ గూడు, కంపోస్టు గుంట, సోకుడు గుంట, అన్నిటికీ ఆయనే. సైకిలు మీద వచ్చి అన్ని విద్యలూ చెప్పవలసిన మనిషి! ఆయన తప్పేం లేదుగాని, ఒక మనిషి తలమీద అన్ని బుట్టలు పెడితే ఏదో ఒకటి జారక తప్పదు.

ఆ పథకాల సామాగ్రిలో పొయ్యి కూడా ఉంది. దీని కథ కొంచెం నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ఇది మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఊపిరికి సంబంధించిన విషయం. కట్టెపొయ్యి ముందు రోజూ కూర్చునే మనిషికి కళ్ళు మండుతాయి, దగ్గు పట్టుకుంటుంది, ఏళ్ళు గడిచేసరికి ఊపిరితిత్తులు చెడతాయి. బీడీ ముట్టని అమ్మమ్మకి బీడీ తాగినవాడి దగ్గు ఎందుకు వచ్చిందో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. "వంటింటి పొగ, ఏం చేస్తాం" అన్నారు.

ఏదైనా చేయవచ్చని మొదట అనుకున్న చోటుల్లో మహారాష్ట్రలోని వార్ధా ఒకటి. గాంధీజీ ప్రోత్సాహంతో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం అక్కడి మగన్‌వాడిలో, జె.సి. కుమారప్ప నడిపించగా పనిచేసింది. మగన్ చూల్హా అనే పొగగొట్టపు పొయ్యి అక్కడి నుంచే వచ్చింది. రెండో చోటు మన హైదరాబాదు. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనాలయాల అధిపతి డాక్టర్ ఎస్.పి. రాజు ఆనకట్టలు, నీటి ప్రవాహాలు చూసే ఇంజనీరు. ఆయన మట్టిపొయ్యి మీద కూర్చుని ఆలోచించాడు! లక్షలాది ఇళ్ళకు పొగలేని వంటిళ్ళు అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశాడు. 1953లో మద్రాసులో అచ్చయింది. పరిశోధనాలయం ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలు కలిపి ఆ పొయ్యికి హెర్ల్ చూల్హా అని పేరు వచ్చింది. గంభీరమైన ప్రయోగశాల ఒకటి వంటింటి బూడిదలోకి దిగిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందో మీకు తెలిసే ఉంటుంది. మంట ఒకచోటే. దాని వేడిగాలి మట్టి దిమ్మెలోని సొరంగం గుండా పాకి రెండో కుండ కిందికి, మూడో కుండ కిందికి పోయి, చివర గొట్టం ద్వారా ఇంటి బయటికి పోతుంది. గొట్టం లాగడం వల్ల పొగ గదిలోకి రాదు. కట్టె ఆదా, కన్ను ఆదా. కాగితం మీద ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పెరట్లో వేసేసరికి ఏమైంది? కుండ నోటికి, పొయ్యి కంతకు సరిపోకపోతే పొగ ఆ సందులోంచే వచ్చేది. కట్టెను చిన్న ముక్కలుగా చీల్చుకోవాలి, అది ఇంకో గంట చాకిరీ. చీల్చలేక ఇల్లాలు పొయ్యి నోరు వెడల్పు చేసుకునేది. అంతటితో గాలి లెక్క తప్పేది. గొట్టంలో మసి పేరుకుంటే దులపాలి, దులపాలని ఆమెకెవరూ చెప్పలేదు. తాటాకు కప్పులోంచి గొట్టం పోతే నిప్పు భయం. పైగా పాత పొగ పూరికప్పులో పురుగు పట్టనిచ్చేది కాదు, ఆ లాభం ఇప్పుడు పోయె! సలహా ఇచ్చింది మగవాళ్ళు, ఇచ్చింది మగవాళ్ళకి. పొయ్యి దగ్గర కూర్చునేది మాత్రం ఇంకొకరు. పేడతో అలుకుతూ రోజూ ఆ పొయ్యిని చేత్తో తడిమే ఆమెను ఒక్కమాట అడిగి ఉంటే సగం చిక్కులు అక్కడే తేలిపోయేవి.

1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం నడిపింది. 2002లో అది ముగిసేలోగా మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేసినట్టు లెక్క. అందులో చాలావాటిని కొద్దికాలానికే వదిలేశారని తరవాతి పరిశీలనలు చెప్పాయి. నిలిచినవి ఎక్కడ నిలిచాయో చూస్తే, వేసిన మనిషి మళ్ళీ వచ్చి చూసిన చోట నిలిచాయి. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో 1974లో ఆస్త్ర అనే విభాగం పుట్టింది. గ్రామీణులకు పనికొచ్చే సాంకేతిక విద్య దాని ఉద్దేశం. వాళ్ళు తుమకూరు జిల్లా ఉంగ్ర గ్రామంలో కేంద్రం పెట్టుకుని అక్కడి జనం మధ్య పనిచేశారు. వాళ్ళ పొయ్యికి ఆస్త్ర ఒలె అని పేరు. కన్నడంలో ఒలె అన్నా, తమిళంలో అడుప్పు అన్నా, మరాఠీలో చూల్ అన్నా, ఒడియాలో చులి అన్నా మన పొయ్యే. చూల్హా అన్న హిందీ మాటతో వచ్చిన కరపత్రం కన్నా, పొయ్యి అన్న మాటతో వచ్చిన మనిషిని మన ఇళ్ళవాళ్ళు త్వరగా లోపలికి పిలిచారు. 2016 నుంచి ఉజ్జ్వల పథకం కింద గ్యాసు సిలిండర్లు వచ్చాయి. అయినా సిలిండరు ఖరీదు చూసుకుని, పెరట్లో కట్టెపొయ్యిని కూడా ఉంచుకున్న ఇళ్ళు మీ వీధిలోనే కనబడతాయి.

ఇక్కడ రేడియో పాత్ర కూడా చెప్పాలి, మన గొప్ప మనం చెప్పుకున్నట్టున్నా సరే. 1956లో పూనా కేంద్రం నుంచి, యునెస్కో సహాయంతో, సుమారు 150 గ్రామాల్లో రేడియో గ్రామీణ చర్చా బృందాలు పెట్టారు. జనం ఒకచోట చేరి ప్రసారం వింటారు, తమలో తాము చర్చిస్తారు, సందేహాలను కేంద్రానికి రాసి పంపిస్తారు. ఆ ప్రశ్నలకు తరవాతి ప్రసారంలో జవాబు వస్తుంది. వినండి, చర్చించండి, ఆచరించండి అన్నది వాళ్ళ నినాదం. నా దృష్టిలో ఇందులో గొప్ప మాట మధ్యదే. అంతవరకు సలహా పైనుంచి కిందికే జారేది. ఉత్తరం ద్వారా మొదటిసారి కిందినుంచి పైకి వెళ్ళింది. 1966 నుంచి ఆకాశవాణి కేంద్రాలలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడ్డాయి. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. తాలూకా ఆఫీసు కాగితం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో వచ్చేది. అది సహజమే, రాష్ట్రభాష అది. తెలుగు గాలికి మాత్రం చెక్‌పోస్టు అడ్డం రాలేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం గాలి సరిహద్దు దాటి చేరేది, రాత్రివేళ ఇంకా దూరం పోయేది.

పొయ్యి తరవాత గోబర్ గ్యాసు. ఇది మనవాళ్ళు పెరట్లో చేపట్టిన అతి కష్టమైన కట్టుబడి. జష్‌భాయి పటేల్ 1950ల మొదట్లో తీర్చిన నమూనాను ఖాదీ గ్రామోద్యోగ సంఘం 1960లలో ప్రచారంలోకి తెచ్చింది. ఇటుక బావి, దానిమీద బోర్లించిన ఇనుప డ్రమ్ము. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. చదువు రానివాళ్ళకు కూడా గ్యాసు ఎంత ఉందో కంటికి తెలుస్తుంది. చిక్కల్లా ఇనుము ఖరీదు, తుప్పు. అందుకని 1978లో జనతా నమూనా వచ్చింది. అందులో డ్రమ్ము లేదు, ఇటుక గుమ్మటమే. 1984లో ఖర్చు ఇంకా తగ్గించి దీనబంధు నమూనా చేశారు. రెండు వేర్వేరు సైజుల గోళాల ముక్కలను అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు దాదాపు 50 కిలోల పేడ కావాలి, దానికి అంతే నీళ్ళు కలపాలి. అంటే కొట్టంలో నాలుగైదు పశువులుండాలి. ఈ లెక్క చెప్పకుండా రెండు గొడ్లున్న ఇంట్లో ప్లాంటు కట్టించిన ఊళ్ళున్నాయి. అది సలహా కాదు, టార్గెట్టు.

గుమ్మటంలో వెంట్రుకంత పగులుంటే చాలు, గ్యాసు పోతుంది. బొమ్మ చూసి గోడ కట్టవచ్చు గాని, బొమ్మ చూసి గుమ్మటం పూత వేయలేరు. పూత మీద పూత ఎప్పుడు వేయాలి, తాపీతో ఎంత నొక్కి మెత్తాలి అన్నది పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. మేస్త్రీలకు పదిరోజులైనా శిక్షణ ఇచ్చిన చోట ప్లాంట్లు బతికాయి. లేనిచోట గుమ్మటం మీద ఎండుమిరపకాయలు ఆరబోసుకుంటున్నారు. రాం రాజ్ పక్కన శిల్పి లేకపోతే ఏమయ్యేదో ఇక్కడ అదే అయింది.

ఇప్పుడు దీపం దగ్గరికి వద్దాం. పాతరలో, పాడుబావిలో దీపం దింపడం ప్రాణం కాపాడే ఉపాయం. అదే ఉపాయాన్ని గోబర్ గ్యాసు గొయ్యికో, సెప్టిక్ ట్యాంకుకో వాడితే? అక్కడ ఉండేది బొగ్గుపులుసు గాలి ఒక్కటే కాదు, మండే మీథేన్ కూడా ఉంటుంది. నిప్పు చూపిస్తే పేలవచ్చు. మండకపోయినా, గాలి లేక దిగినవాడు పడిపోతాడు. అతణ్ణి లాగబోయి రెండోవాడు, మూడోవాడు పడతారు. ఇలాంటి వార్తలు పేపర్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. తాత చెప్పిన మాట తప్పు కాదు, ఆ మాట పుట్టిన గొయ్యి వేరు. కొత్త గొయ్యి తవ్వించినవాళ్ళు కొత్త కట్టడి కూడా చెప్పి ఉండవలసింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మూత తీసి, నిప్పు దూరంగా ఉంచి, యంత్రంతో తోడించుకోవాలే గాని ఎవర్నీ దింపకూడదు, మీరూ దిగకూడదు.

మరుగుదొడ్డి విషయంలో అసలు ఆ గొడవే లేని దారి ఉంది. రెండు గుంతల పద్ధతి. బీహారులో 1970లో మొదలైన సులభ్ సంస్థ దీన్ని దేశమంతటా తెలిసేట్టు చేసింది. 2014లో వచ్చిన స్వచ్ఛ భారత్ కార్యక్రమం కూడా దీన్నే సిఫారసు చేసింది. రెండు గుంతలుంటాయి, గోడలో ఇటుకల మధ్య సందులు వదిలి జాలీగా కడతారు. ఒక గుంత నిండేదాకా రెండోది మూసి ఉంచాలి. నిండాక నీటిదారి రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని కనీసం ఏడాదిన్నర కదపకుండా వదిలేస్తే లోపలిది వాసన లేని ఎరువు అవుతుంది. చాలాచోట్ల మేస్త్రి ఏం చేశాడంటే, రెంటికీ ఒకేసారి గొట్టం కలిపేశాడు. "రెండుంటే ఎక్కువ రోజులు వస్తుంది కదండీ" అన్నాడు. అతనికి ఇటుకల లెక్క చెప్పారు గాని, రెండెందుకో చెప్పలేదు. రెండూ కలిసి నిండిపోతే మళ్ళీ మనిషిని దింపే అవసరమే వస్తుంది.

మీ పెరట్లో ఇప్పటికే ఇలాంటి గుంతలుంటే, దొడ్డికీ గుంతలకూ మధ్యనున్న చిన్న చదరపు తొట్టి మూత ఎత్తి చూడండి. అందులోంచి రెండు గొట్టాలు చీలి కనిపిస్తాయి. ఒకటి ఇటుకముక్కతోనో, తడిమట్టితోనో మూసి ఉండాలి. రెండూ తెరిచే ఉంటే ఈ వారమే ఒకటి మూయించండి. బావి గాని, చేతిపంపు గాని గుంతలకు 10 మీటర్లలోపు ఉందేమో కూడా అడుగులు వేసి కొలవండి. ఉంటే ఆ నీళ్ళు తాగడం ఆపి, పరీక్ష చేయించండి. కొలిచేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళను కూడా పిలవండి. ఏ వానకి ఏ నీరు రంగు మారిందో వాళ్ళకే గుర్తుంటుంది.